రెండు వందల గ్రీకు కార్డుల పెట్టె: మూడు నెలలు వాడాక

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. పద్నాలుగేళ్ళుగా రక్తం, మూత్రం, స్లైడ్లు, రిపోర్టులు, ఇదే పని. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ మాటల్లోని గ్రీకు ముక్కలు నేర్పే ఈ కార్డుల పెట్టె కొనడానికి కారణం మా దగ్గరికి ట్రైనింగ్‌కి వచ్చిన ఒక అమ్మాయి. మైక్రోస్కోప్‌లో ఒక తెల్ల రక్తకణం చూపించి, "ఇది ఇయోసినోఫిల్. లోపల నారింజ రంగులో గింజల్లాంటివి కనిపిస్తున్నాయి చూడు, అదే గుర్తు" అన్నాను. చూసింది. చూసి, "ఆ పేరుకి అర్థం ఏంటి మేడం?" అంది.

రోజూ పదుల సార్లు రాసే మాట. ఇస్నోఫీలియా అని జనం నోటికి వచ్చినట్టు తిప్పేసుకున్న మాట. అర్థం మాత్రం నాకు తెలీదు. "అదంతా గ్రీకమ్మా, బట్టీ పట్టెయ్" అని తప్పించుకున్నాను. తప్పించుకున్నానని ఆ అమ్మాయికీ తెలిసిపోయింది. వారం తిరక్కుండా ఆన్‌లైన్‌లో ఈ పెట్టె ఆర్డర్ పెట్టాను.

కంపెనీ పేరు రాయడం లేదు. తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, వాళ్ళ పరువు తీయడం నా ఉద్దేశం కాదు. పైగా నా గొడవంతా ఈ పద్ధతితోనే గానీ ఫలానా పెట్టెతో కాదు. మీరు వేరే పెట్టె కొన్నా, యాప్ కొన్నా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ముందు వస్తువు సంగతి. రెండు వందల కార్డులు (ఉండాలి, ఆ కథ తర్వాత). ముందు వైపు ఒక గ్రీకు ముక్క, వెనక దాని అర్థం, దానితో పుట్టిన ఐదారు ఇంగ్లిష్ మాటలు. మాటకి మొదట్లో తగిలే ముక్కలకి ఆకుపచ్చ అంచు, మధ్యలో వచ్చేవాటికి నీలం, చివర వచ్చేవాటికి ఎరుపు. అట్ట మందంగా ఉంది, మూడు నెలలు నా కోటు జేబులో తిరిగినా మూలలు నలగలేదు. అక్షరాలు పెద్దవి, కళ్ళజోడు లేకుండా చదవొచ్చు. దీంతోపాటు పన్నెండు వారాల టైమ్‌టేబుల్ ఉన్న చిన్న పుస్తకం ఒకటి, ఫోన్‌లో వేసుకోవడానికి యాప్ ఒకటి ఇస్తారు.

టైమ్‌టేబుల్ ప్రకారం రోజుకి మూడు కార్డులు, ఆదివారం రివిజన్. మొదటి వారం మహా హుషారుగా నడిచింది. టెలె అంటే దూరం, ఫోన్ అంటే ధ్వని, మైక్రో అంటే చిన్నది, స్కోప్ అంటే చూసేది, థర్మో అంటే వేడి. ఇవన్నీ ఎప్పటినుంచో వాడుతున్న మాటలే కదా. మన సొమ్ము మనకే కవర్లో పెట్టి ఇస్తే బహుమతిలా అనిపిస్తుంది చూడండి, అలా ఉంది. మూడో వారంలో బండి ఆగింది. మెటా, పారా, పెరి, డయా, ఎపి, సిన్ అని పచ్చ కార్డులు వరసగా వచ్చి పడ్డాయి. దేనికీ ముఖం లేదు. పొద్దున చదివింది మధ్యాహ్నానికి గుర్తులేదు. పెరి చుట్టూనా, పారా చుట్టూనా? ఐదో వారానికి విసుగొచ్చి, ఇక మూత పెట్టేద్దామని కార్డులు నంబర్ల వరసలో సర్దుతుంటే అరవై తర్వాత అరవై రెండు వచ్చింది. అరవై ఒకటి లేదు.

పుస్తకంలో చూస్తే అరవై ఒకటో కార్డు 'అ/అన్'. అర్థం: లేని, కాని. అంటే 'లేదు' అనే కార్డే లేదు! నవ్వుకుని కంపెనీకి మెయిల్ పెట్టాను. అది వచ్చేలోగా నేనే రాసుకుందామని గ్లౌజుల డబ్బా అట్ట ఒక ముక్క కత్తిరించి కూర్చున్నాను.

రాయబోతే ఇంగ్లిష్ ఉదాహరణల కంటే ముందు తెలుగువి వచ్చాయి. అధర్మం, అజ్ఞానం, అసత్యం. అనర్థం, అనాది, అనంతం. హల్లు ముందు 'అ', అచ్చు ముందు 'అన్'. పుస్తకంలో చూస్తే గ్రీకులో కూడా అచ్చం ఇదే రూలు. హల్లు ముందు 'అ': ఏసెప్టిక్, ఏసింప్టమాటిక్. అచ్చు ముందు 'అన్': అనీమియా, అనాల్జెసిక్. అనీమియా అంటే రక్తం లేకపోవడం, అనాల్జెసిక్ అంటే నొప్పి లేకుండా చేసేది. సంస్కృతం, గ్రీకు ఒకే కుటుంబానికి చెందిన భాషలని స్కూల్లో ఎప్పుడో విన్నాను. తెలుగు ఆ కుటుంబం కాకపోయినా సంస్కృతం మాటలు మన నోట్లో బోలెడు. కానీ ఆ చుట్టరికం ఇలా నా అట్టముక్క మీదికి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఆ రాత్రి ముఖం లేని పచ్చ కార్డులన్నీ మళ్ళీ బయటికి తీశాను. పెరి అంటే చుట్టూ. అది మన 'పరి'. పెరిమీటర్ చుట్టుకొలత, వృత్తానికైతే మనం పరిధి అంటాం. పెరికార్డియం గుండె చుట్టూ ఉండే పొర. అయిపోయింది, పెరి ఇక జన్మలో మర్చిపోను. డిస్ అంటే చెడు, ఇబ్బంది. దుర్దశ, దుర్గంధంలో ఉన్న మన 'దుర్' దానికి చుట్టమే. డిస్ప్నియా అంటే ఊపిరి ఆడక ఇబ్బంది పడటం. హైపర్ (పైన)కి 'ఉపరి', హైపో (కింద)కి 'ఉప'. పాదానికి గ్రీకు పొడ్, దంతానికి ఒడోంట్. ట్రైపాడ్ మూడు పాదాలది, ఆర్థోడాంటిస్ట్ దంతాలు తిన్నగా చేసేవాడు. ఆక్టోపస్‌లో ఆక్టో మన అష్ట, పస్ మన పాదమే.

సిన్ కార్డు దగ్గర ఇంకో తమాషా. సిన్ అంటే కలిసి, కూడి; మన 'సం' చేసే పనే చేస్తుంది. పక్కన వచ్చే అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది. సింథసిస్‌లో సిన్, సిమెట్రీలో సిమ్, సిలబుల్‌లో సిల్. కార్డు వెనక దీన్ని చిన్న పట్టికగా వేసి కంఠస్థం చేయమన్నారు. సం, మతి కలిస్తే సమ్మతి. సం, లాపం కలిస్తే సల్లాపం. సంధులు చదువుకున్నవాళ్ళకి ఇందులో కంఠస్థం చేయడానికి ఏముంది? సిమెట్రీకి రెండు ఎమ్‌లు, సిలబుల్‌కి రెండు ఎల్‌లు ఎందుకో కూడా తేలిపోయింది. తెలుగు మాస్టారు సంధుల పాఠం చెబుతుంటే కిటికీలోంచి బయటికి చూసినందుకు ఇన్నాళ్ళకి సిగ్గేసింది.

టైమ్‌టేబుల్ పుస్తకాన్ని ఆ రోజే పక్కన పడేశాను. నా పద్ధతి వేరే పెట్టుకున్నాను. పనిలో ఎదురైన రెండు మాటలు చీటీ మీద రాసుకోవడం, ఇంటికొచ్చాక వాటి ముక్కలు పెట్టెలో వెతకడం. ముక్కల నుంచి మాటకి కాకుండా, మాట నుంచి ముక్కలకి వెళ్ళడం. పెట్టె ఒక్కసారిగా పని చేయడం మొదలుపెట్టింది.

మొదట వెతికింది ఏ మాటో చెప్పక్కర్లేదు. ఫిల్ అంటే ఇష్టపడేది. ఇయోసిన్ మేం స్లైడ్ మీద వేసే ఎర్ర రంగు. 1879లో పాల్ ఎర్లిక్ అనే జర్మన్ డాక్టర్ ఆ రంగుని బాగా పీల్చుకునే కణాలకి 'ఇయోసిన్ అంటే ఇష్టం ఉన్నవి' అని ఈ పేరు పెట్టాడు. ఆ రంగు పేరేమో ఇయోస్ నుంచి వచ్చింది. ఇయోస్ గ్రీకుల ఉషోదయ దేవత. మన ఉషస్సూ ఆవిడా ఒకే మూలం నుంచి వచ్చిన పేర్లు. తుమ్ముకుంటూ వచ్చి "ఇస్నోఫీలియా అంటండీ" అని బల్ల మీద పెట్టే రిపోర్టులో ఉషస్సు కూర్చుని ఉంది! మర్నాడు ట్రైనీ అమ్మాయికి ఈ సంగతంతా చెప్పాను. "మరి ఆ రోజు బట్టీ పట్టమన్నారు కదా మేడం" అంది.

నాకు బాగా నచ్చిన కార్డు 'ఎర్గ్'. ఎర్గాన్ అంటే పని. దీన్ని బల్ల మధ్యలో పెట్టి చుట్టూ పేర్చాను. 'ఎన్', అంటే లోపల, కలిపితే ఎనర్జీ. 'అల్లోస్', అంటే వేరే, కలిపితే అలర్జీ. 1906లో ఫాన్ పిర్కే అనే వియన్నా పిల్లల డాక్టర్ కల్పించిన మాట అది, శరీరం మామూలుగా కాకుండా వేరే రకంగా పని చేస్తోందని. నా అట్టముక్క 'అ' పక్కన పెడితే ఆర్గాన్, పని లేనిది, సోమరి. 1894లో రాలీ, రామ్సే అనే శాస్త్రవేత్తలు కనిపెట్టిన ఈ వాయువు దేనితోనూ కలవకుండా ఊరికే కూర్చుంటుంది కాబట్టి ఆ పేరు. 'కైర్' అంటే చెయ్యి, దాన్ని కలిపితే చేతి పని. అదే ఫ్రెంచ్ నోట్లో పడి నలిగి ఇంగ్లిష్‌కి వచ్చేసరికి సర్జరీ అయింది. 'జియో', అంటే నేల, పెడితే నేల మీద పని చేసేవాడు, రైతు. ఆ మాటే జార్జ్ అనే పేరు. ఎనర్జీ, అలర్జీ అంత ప్రాసగా ఉన్నా వాటికి సంబంధం ఉండొచ్చని నాకు నలభై ఒక్కేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. ఈ ఒక్క సాయంత్రానికే పెట్టె డబ్బులు వచ్చేసినట్టు లెక్క వేసుకున్నాను.

ఇక్కడిదాకా చదివి ఆర్డర్ పెట్టేయకండి.

పెట్టె మూత మీద "తెలియని మాట కనిపిస్తే అర్థం మీరే చెప్పేస్తారు" అన్న ధోరణిలో రాశారు. అది జరగదు. నేను పరీక్షించి చూశాను. ఒక వ్యాసంలో హైపోకాండ్రియాక్ అనే మాట తగిలింది. డిక్షనరీ చూడకుండా కార్డులు తీశాను. హైపో అంటే కింద. కాండ్రో అంటే మృదులాస్థి. అంటే పక్కటెముకల మృదులాస్థి కింద ఏదో జబ్బున్న మనిషి అని తేల్చాను. నాకు ఇంకో ఆధారం కూడా ఉంది, స్కాన్ చీటీల మీద 'రైట్ హైపోకాండ్రియంలో నొప్పి' అని రాస్తారు, లివర్ ఉండే చోటు. ధైర్యంగా డిక్షనరీ తెరిచాను. లేని జబ్బు ఉందని ఊరికే బెంగపడే మనిషి అట! రిపోర్టు అంతా నార్మల్ వచ్చినా "ఇంకోసారి చేయండి మేడం, ఎక్కడో తేడా ఉంది" అని నెలకోసారి వచ్చేవాళ్ళు మాకు తెలుసు, వాళ్ళన్నమాట. పొట్ట పైభాగంలో, పక్కటెముకల కింద దిగులు పుడుతుందని పాతకాలం వైద్యులు నమ్మేవారు, ఆ నమ్మకం పోయింది, పేరు మిగిలింది. ముక్కలు రెండూ కరెక్టే, అర్థం మాత్రం నాకు దక్కలేదు.

ఇలాంటివి చాలా ఉన్నాయి. ఆక్సిజన్ అంటే ఆమ్లాన్ని పుట్టించేది. ఆమ్లాలన్నిటిలోనూ అది ఉంటుందని, ఆ పేరు పెట్టిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త లావోజియే అనుకున్నాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ లేదని మా ట్రైనీ అమ్మాయికి కూడా తెలుసు. ఆర్టరీ అనే మాట గ్రీకులో గాలిగొట్టానికీ వాడేవారు. చనిపోయినవాళ్ళ ధమనులు ఖాళీగా కనిపించేసరికి వాటిలో గాలి తిరుగుతుందనుకున్నారు. కొలెస్టరాల్‌లో కొలె అంటే పిత్తం, స్టీరియో అంటే గట్టిది, ఘనం. దాన్ని మొదట గుర్తించింది పిత్తాశయంలో రాళ్ళలో కాబట్టి ఆ పేరు సరిపోయింది గానీ, 'గట్టి పిత్తం' అని విని లిపిడ్ రిపోర్టు ఎవరు అర్థం చేసుకుంటారు? పేరు పెట్టినవాడి బుర్రలో ఆ రోజు ఏముందో మూలం చెబుతుంది. మాటకి ఇవాళ అర్థం ఏమిటో తెలియాలంటే డిక్షనరీ తీయాల్సిందే. ముందు డిక్షనరీ, తర్వాత పెట్టె. అర్థం తెలిశాక ముక్కలు విప్పితే ఆ మాట ఇక ఎక్కడికీ పోదు. హైపోకాండ్రియాక్ నాకు ఇలాగే అతుక్కుపోయింది, తప్పు చెప్పిన అవమానం కూడా కలిసొచ్చింది అనుకోండి.

ఇక కార్డుల్లో ఉన్న తప్పులు. ఇవి క్షమించడం కష్టం. 'పారా, అంటే పక్కన' అనే కార్డు వెనక ఉదాహరణల్లో పారాచ్యూట్ ఉంది. దానికీ గ్రీకుకీ సంబంధం లేదు. అందులో పారా అంటే కాచేది, అడ్డుకునేది, లాటిన్ వైపు నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చింది. పడిపోకుండా కాచేది పారాచ్యూట్. 'పొడ్' కార్డు వెనక పెడల్ పెట్టారు. పెడల్, పెడిక్యూర్ లాటిన్ పాదం. ఇదేం పెద్ద తప్పా అంటారేమో. గ్రీకులో 'పెడ్' అనే ముక్క వేరే ఉంది, పిల్లలు అని అర్థం, పీడియాట్రీషియన్ అందులోంచి వచ్చిందే. ఈ రెండూ కలిపేస్తే పిల్లల డాక్టర్ కాస్తా కాళ్ళ డాక్టర్ అవుతాడు. గ్రీకుని లాటిన్ నుంచి విడదీసి చూపించడమే మీ వ్యాపారం అయినప్పుడు ఆ మాత్రం చూసుకోవాలి. రెండూ కలిసిన మాటలకి, టెలివిజన్, ఆటోమొబైల్ లాంటివాటికి, ఒక చిన్న గుర్తు వేసి ఉంటే ఎంత బాగుండేది! అలాగే డెమో అంటే ప్రజలు అని నేర్పించి వదిలేశారు. డెమోక్రసీకి సరే, డెమాన్‌స్ట్రేషన్‌లో ప్రజలు లేరు, అది పూర్తిగా లాటిన్. ఒక్క హెచ్చరిక వాక్యం చాలు, అదీ లేదు.

స్పెల్లింగ్ విషయంలో మాత్రం ఈ పెట్టెకి దండం పెడతాను. డయేరియా అనే మాటని పద్నాలుగేళ్ళుగా నేను ఎప్పుడూ ఒక ఆర్‌తోనో, హెచ్ లేకుండానో రాసేదాన్ని. డయా అంటే గుండా, రియా అంటే ప్రవాహం. గ్రీకులో మాట మొదట వచ్చే 'ర'కి హెచ్ గాలి తోడుంటుంది, ముందు ఇంకో ముక్క తగిలితే 'ర' రెట్టిస్తుంది. అందుకే రెండు ఆర్‌లు, ఒక హెచ్. ఇక తప్పు రాయమన్నా రాయలేను. క్రానిక్, కేయాస్, క్యారెక్టర్ మాటల్లో సి-హెచ్ రాసి 'క' అని పలకడం కూడా గ్రీకు అక్షరం తెచ్చిన తంటాయే అని తెలిశాక కోపం తగ్గింది.

ఉచ్చారణకి మాత్రం ఈ కార్డులు ఎందుకూ పనికిరావు. ఫోటోగ్రాఫ్ అన్నప్పుడు ఊనిక మొదట్లో, ఫొటాగ్రఫీ అన్నప్పుడు రెండో చోట, ఫోటోగ్రాఫిక్ అన్నప్పుడు మూడో చోట. ముక్కలు అవే, నోరు తిరిగే తీరు మూడు రకాలు. కార్డు మీద దీనికి చిన్న గీత కూడా లేదు. యాప్‌లో వినొచ్చు కదా అంటే, యాప్ గొంతు మూడింటినీ ఒకేలా చదివేస్తుంది. పైగా ఆ యాప్ రోజూ రాత్రి తొమ్మిదింటికి "ఈ రోజు మీరు నేర్చుకోలేదు" అని దెప్పుతుంది. ఒక క్విజ్‌లో ఫోటోఫోబియా అంటే ఏమిటని అడిగింది. వెలుతురు పడితే కళ్ళు ఇబ్బందిపడటం అని పెట్టాను, మేం రోజూ వాడే అర్థం అదే. తప్పంది. 'వెలుతురంటే భయం' కరెక్టట. అప్పుడే తీసేశాను.

ఎవరు కొనొచ్చు? నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్, బయాలజీ చదువుతున్నవాళ్ళు కళ్ళు మూసుకుని కొనొచ్చు, మీకు మాటలు రోజూ ఎదురవుతుంటాయి కాబట్టి. ఇంగ్లిష్ పరీక్ష నెలలో ఉంది, వెయ్యి మాటలు గబగబా రావాలి అనుకునేవాళ్ళు వద్దు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. మామూలు కబుర్ల ఇంగ్లిష్ కోసమైతే అసలే వద్దు. 'గెట్', 'పుట్', 'రన్' లాంటి రోజువారీ మాటలు గ్రీకువి కావు, సంభాషణలో మనల్ని ఏడిపించేవి అవే. రెండు వందల్లో నాకు నిజంగా పనికొచ్చినవి ఎనభై దాకా ఉంటాయి. మిగతావి పెట్టెలోనే ఉన్నాయి, వాటి మాట ఎదురైన రోజున తీస్తాను. అట్ట నాణ్యతకి ఐదుకి ఐదు, కార్డుల్లో విషయానికి మూడున్నర, టైమ్‌టేబుల్‌కి ఒకటి, యాప్‌కి సున్నా.

అరవై ఒకటో కార్డు పదో వారంలో పోస్టులో వచ్చింది, క్షమాపణ చీటీతో సహా. దాన్ని ట్రైనీ అమ్మాయికి ఇచ్చేశాను. నా పెట్టెలో ఆ చోట గ్లౌజుల డబ్బా అట్టముక్కే ఉంది. ముందు వైపు నిండిపోయింది, ఇప్పుడు వెనక రాస్తున్నాను.